విడిభాగాలు మార్చాక ల్యాప్‌టాప్ ఎందుకు కాగిపోతుంది: ఫ్యాన్‌ను మార్చే ముందు చూడవలసిన సంగతులు

గత వేసవిలో ఒక మధ్యాహ్నం కోనసీమలోని అంబాజీపేట దగ్గరి ఊరి నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి తన ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నెల క్రితం ఒక దుకాణంలో దానికి ఫైళ్లు దాచే కొత్త ఎస్‌ఎస్‌డీ డ్రైవు వేయించాడు, రెండో ర్యామ్ (మెమరీ పట్టీ) కలిపించాడు, ఎలాగూ మూత విప్పారు కదా అని లోపలి దుమ్ము తీయించి, ప్రాసెసర్ నుంచి వేడిని దాటించే థర్మల్ పేస్ట్ కూడా మార్పించాడు. అంతకు ముందు నెమ్మదిగా ఉన్నా నిలకడగా పనిచేసిన ఆ యంత్రం, ఆ రోజు నుంచి కాస్త బరువైన పని పెడితే చాలు, పది నిమిషాలలో ఫ్యాన్ హోరెత్తి, ఆ వెనుకనే ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతోంది. మళ్లీ తీసుకెళ్తే ఫ్యాన్ పోయిందని చెప్పి కొత్త ఫ్యాన్ వేశారు. అయినా ఏమీ మారలేదు. "ఫ్యాను కొత్తదేనండి, పేస్టూ కొత్తదేనండి, అయినా అదే వరసండి" అన్నాడు, తప్పు తనదే అన్నంత దిగులుగా.

ఇటువంటి యంత్రాలు నా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి. కొత్తది కొనే స్తోమత లేక పాతదానికే ఒక ఎస్‌ఎస్‌డీ, ఒక ర్యామ్, ఒక బ్యాటరీ వేయించి చదువు పూర్తయ్యే వరకు నడిపించుకునే పిల్లలు, రొయ్యల చెరువుల లెక్కలు చూసుకునే గుమాస్తాలు, మీసేవ కేంద్రాల వారు గోదావరి డెల్టా అంతటా ఉన్నారు. వాళ్లు పెట్టిన ఖర్చు వృథా కావడం చూస్తే బాధ కలుగుతుంది, ఎందుకంటే ఎక్కువ సందర్భాలలో కొన్న భాగం మంచిదే, అమర్చడంలో జరిగిన చిన్న పొరపాటే అసలు కారణం. ఆ పొరపాటు ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక క్రమం ఉంది. ముందు వేడి ఏ దారిన బయటికి పోతుందో తెలియాలి.

వేడి నడిచే దారి

ల్యాప్‌టాప్‌లో పుట్టే వేడిలో అధిక భాగం ప్రాసెసర్ చిప్పు నుంచి వస్తుంది. దాని పైభాగం ఇంచుమించు బొటనవేలి గోరంత ఉంటుంది. 15 వాట్ల ప్రాసెసర్ అని పెట్టె మీద రాసి ఉన్నా, పని ఒక్కసారిగా మీద పడినప్పుడు కొద్ది సెకన్ల పాటు అది రెండు మూడు రెట్లు కరెంటు లాగగలదు. ఆ వేడి చిప్పు మీద నుంచి పలుచని పేస్ట్ పొర గుండా రాగి పలకకు, అక్కడి నుంచి చదునుగా నొక్కిన రాగి గొట్టానికి, గొట్టం చివర వరుసగా పేర్చిన పలుచని రేకులకు చేరుతుంది. ఫ్యాన్ ఆ రేకుల మధ్య నుంచి గాలిని తోసి వేడిని బయటికి పంపుతుంది. రాగి గొట్టం లోపల బోలుగా ఉంటుంది. గాలి తీసేసిన ఆ బోలులో కొద్దిపాటి నీరు ఉంటుంది. వేడి తగిలిన చివర ఆ నీరు ఆవిరై రేకుల వైపు పరుగెత్తి, అక్కడ చల్లబడి నీరై, గొట్టం లోపలి గోడలకు ఉన్న వత్తి వంటి పొర వెంట తిరిగి వెనక్కి వస్తుంది.

డెల్టాలో పుట్టి పెరిగిన వారికి ఈ ఏర్పాటు వేరే చెప్పనక్కరలేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నది నిండుగా ఉన్నా శివారు పొలానికి నీరు అందడం లేదంటే, తప్పు ఆనకట్టదీ కాకపోవచ్చు, చివరి పొలాలకు నీరందించే పిల్ల కాలువ, అంటే శివారు బోదెదీ కాకపోవచ్చు. నడుమ ఎక్కడో తూము పూడిపోయి ఉంటుంది, లేదా గుర్రపుడెక్క పేరుకుని కాలువ మూతపడి ఉంటుంది. అందుకే కాలువను చూసుకునే లస్కరు గట్టు వెంట నడిచి, నీరు ఎక్కడి వరకు వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అని చూసుకుంటూ పోతాడు. ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ శివారున ఉండే భాగం. వేడి అక్కడి దాకా వచ్చిందో లేదో చూడకుండా ఫ్యాన్ మార్చడం, కాలువ పూడికను వదిలేసి శివారు బోదెను మళ్లీ తవ్వడం వంటిది.

తెర మీది అంకె, చేతికి తగిలే గాలి

అందుకని నేను మొదట స్క్రూడ్రైవర్ తీయను. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో, కోర్ టెంప్ వంటి ఉచిత ప్రోగ్రాములు, లినక్స్‌లో సెన్సార్స్ అనే కమాండ్ ప్రాసెసర్ ఉష్ణోగ్రతను చూపిస్తాయి. వీటిలో కొన్ని ప్రాసెసర్ ఎన్ని వాట్లు వాడుకుంటోందో, కొన్ని మోడళ్లలో ఫ్యాన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో కూడా చెబుతాయి. యంత్రాన్ని ఐదు నిమిషాలు ఊరకే ఉంచి ఒకసారి, బరువైన పని పెట్టి మరొకసారి ఆ అంకెలను రాసుకుంటాను. అదే సమయంలో గాలి బయటికి వచ్చే చోట అరచేయి పెట్టి చూస్తాను. ఈ రెండూ కలిపి చదివితే సగం రోగం మూత విప్పకుండానే తెలుస్తుంది.

ఉష్ణోగ్రతను వాట్లతో కలపకుండా చదవడం చాలామంది చేసే పొరపాటు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు సాధారణంగా 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ హద్దు తాకగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి అదుపులోకి రాకపోతే యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఒక్కసారిగా ఆగిపోతుంది. 45 వాట్లు లాగుతూ 95 డిగ్రీలు చూపించే సన్నని ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ లేకపోవచ్చు. 12 వాట్ల దగ్గరే 95 చూపించే యంత్రంలో మాత్రం వేడి దారి ఎక్కడో తెగిపోయినట్టే.

ఎక్కడ తెగిందో గాలి చెబుతుంది. తెర మీద 95 ఉండి, ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, చేతికి తగిలే గాలి మాత్రం గోరువెచ్చగా ఉంటే వేడి రేకుల దాకా రావడమే లేదన్నమాట. చిప్పుకూ రాగి పలకకూ నడుమ పొత్తు కుదరలేదు, లేదా గొట్టం దెబ్బతిన్నది. గాలి కాలిపోయేంత వేడిగా ఉండి బలహీనంగా వస్తుంటే వేడి శివారుకు చేరింది కానీ బయటికి పోవడానికి గాలి చాలడం లేదు. అక్కడ దుమ్ము, ఫ్యాన్, గాలి లోపలికి వచ్చే రంధ్రాలు ఈ మూడింటినీ అనుమానించాలి. తెర మీద 50 మాత్రమే ఉండి ఫ్యాన్ ఊపిరాడనట్టు హోరెత్తుతుంటే అది చల్లబరచడంలో లోపం కాదు, ఫ్యాన్‌ను నడిపించే ఏర్పాటులో లోపం.

ఇంకొక గుర్తు అంకె పెరిగే తీరు. పని మొదలైన రెండు సెకన్లలో 45 నుంచి 95కు ఎగబాకి, పని ఆపగానే అంతే వేగంగా దిగిపోతే పేస్ట్ దగ్గర పొత్తు చెడిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు, ఎందుకంటే చిప్పులోని వేడికి ఎటూ పోవడానికి దారి లేదు. మెల్లగా ఎక్కుతూ పది నిమిషాలకు 95 చేరితే రాగి అంతా వేడెక్కిందని, గాలి చాలడం లేదని అర్థం.

అంబాజీపేట అబ్బాయి ల్యాప్‌టాప్ మూడు సెకన్లలో 98కి చేరింది. అప్పుడు అది వాడుకుంటున్నది 14 వాట్లు. గాలి బయటికి వచ్చే చోట నా అరచేతికి తగిలింది మామూలు వెచ్చదనం మాత్రమే. కొత్త ఫ్యాన్ తన పని తాను చక్కగా చేస్తోంది, కానీ తోయడానికి దాని దగ్గరికి వేడి రావడం లేదు.

అర మిల్లీమీటరు తేడా

రాగి గాలి కంటే సుమారు 15 వేల రెట్లు మెరుగ్గా వేడిని ప్రసరింపజేస్తుంది. చిప్పు పైభాగమూ రాగి పలక అడుగూ కంటికి ఎంత నున్నగా కనిపించినా, వాటి మీద ఉండే సూక్ష్మమైన గుంటలలో గాలి చిక్కుకుంటుంది. ఆ గాలిని వెళ్లగొట్టి ఆ చోటును నింపడానికే పేస్ట్. మంచి పేస్ట్ గాలి కంటే వంద రెట్లకు పైగా మెరుగు, రాగితో పోలిస్తే మాత్రం చాలా తక్కువ. అందువల్ల అది ఎంత పలుచగా ఉంటే అంత మంచిది. పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూగా ఉండాలి. చిప్పు అంతటా పరచుకునేంత పేస్ట్ వేయడం తప్పనిసరి, ఎక్కువైనది పలక నొక్కినప్పుడు పక్కలకు జారిపోతుంది. కాబట్టి పేస్ట్ కాస్త ఎక్కువైందని కంగారు పడనక్కరలేదు. ప్రమాదం ఎప్పుడంటే, పలక సరిగ్గా నొక్కనప్పుడు.

సరిగ్గా నొక్కకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం థర్మల్ ప్యాడ్లు. విడిగా గ్రాఫిక్స్ చిప్పు ఉన్న ల్యాప్‌టాప్‌లలో దాని చుట్టూ ఉండే మెమరీ చిప్పులకు, కరెంటును సరిచేసే భాగాలకు పేస్ట్ బదులు మెత్తని రబ్బరు వంటి ప్యాడ్ ముక్కలు వేస్తారు. రాగి పలక, గొట్టం, రేకులు కలిసిన హీట్‌సింక్‌ను పైకెత్తగానే అవి తరచుగా చిరిగిపోతాయి. అప్పుడు దుకాణంలో చేతికి దొరికిన ప్యాడ్ కత్తిరించి వేస్తారు. ప్యాడ్లు అర మిల్లీమీటరు, ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఇలా వేర్వేరు మందాలలో వస్తాయి. ఒకటి ఉండవలసిన చోట ఒకటిన్నర వేస్తే ఆ అర మిల్లీమీటరు మొత్తం హీట్‌సింక్‌ను ఒక పక్క పైకి లేపుతుంది. ఇరవయ్యో వంతు ఉండవలసిన సందు, ప్యాడ్ కొంత నలిగినా, ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. పలుచని ప్యాడ్ వేస్తే దీనికి ఎదురు తిరిగిన కష్టం వస్తుంది: ప్రాసెసర్ చల్లగానే ఉంటుంది, ప్యాడ్ అందని మెమరీ చిప్పు మాత్రం తెర మీద ఏ అంకె చూపించకుండా కాలుతూ ఉంటుంది.

ఆ అబ్బాయి యంత్రం మూత విప్పి హీట్‌సింక్ పైకెత్తినప్పుడు కనిపించిన దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. చిప్పు కుడి సగం మీద పేస్ట్ పలుచగా, బూడిద రంగు చారల్లాగా నలిగి ఉంది. ఎడమ సగం మీద అది ట్యూబులోంచి పిండినప్పుడు పడిన వంకర అలాగే, కందెనలాగా ఉబ్బెత్తుగా నిలిచి ఉంది. నెల రోజులుగా ఆ వైపు రాగి తాకనే లేదు. దాని పక్కన ఉన్న తెల్లని ప్యాడ్ అంచు మిగిలిన వాటికంటే మందంగా కంటికే తెలుస్తోంది. మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తే నలగని అంచు దగ్గర ఒకటిన్నర వచ్చింది, పక్కనే మిగిలి ఉన్న పాత ప్యాడ్ ముక్క ఒకటి.

అందుకే హీట్‌సింక్ తీసిన ప్రతిసారీ తుడిచేయడానికి ముందు పేస్ట్ పడిన ముద్రను జాగ్రత్తగా చూడాలి, కుదిరితే ఫోనుతో ఒక ఫొటో తీసుకోవాలి. జరిగింది ఏమిటో ఆ ముద్రలోనే ఉంటుంది, తుడిచాక చూద్దామన్నా దొరకదు.

స్క్రూల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా మోడళ్లలో హీట్‌సింక్ మీద ప్రతి స్క్రూ పక్కన 1, 2, 3, 4 అని చిన్న అంకెలు చెక్కి ఉంటాయి. ఒక స్క్రూను చివరి దాకా బిగించి తరువాత రెండో దానికి పోతే పలక ఒక మూలకు ఒరిగి కూర్చుంటుంది, ఒక్కోసారి చిప్పు అంచు చిట్లే ప్రమాదమూ ఉంది. ఆ అంకెల క్రమంలో ఒక్కొక్కటి కొద్దికొద్దిగా, మూడు నాలుగు విడతలుగా బిగించాలి. విప్పిన స్క్రూలన్నీ ఒకే గిన్నెలో పోసే అలవాటు ఉన్నవారు ఒక విషయం గమనించాలి: పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడవుది వేస్తే అది బోర్డులోకి దిగి సన్నని రాగి గీతలను తెంచేయగలదు.

రాగి గొట్టం పాడవడం అరుదు. శుభ్రం చేసేటప్పుడు వంగిపోతేనో, నొక్కుకుపోతేనో లోపలి ఆవిరి దారి మూసుకుపోతుంది. అనుమానం ఉంటే ఫ్యాన్ విడదీసి, హీట్‌సింక్ ఒక చివరను వేడినీటిలో ముంచి రెండో చివర పట్టుకుంటే, మంచి గొట్టం క్షణాలలో చేతికి వేడి తెలియజేస్తుంది.

పేస్ట్ బదులు కొందరు వాడే ద్రవలోహం గురించి ఒక మాట. వీడియోలు చూసి దాన్ని వేయమని అడిగేవారికి నేను వద్దనే చెబుతాను. అందులోని గాలియం అల్యూమినియంను తినేస్తుంది. అది విద్యుత్తును కూడా ప్రసరింపజేస్తుంది కాబట్టి ఒక్క బొట్టు జారినా బోర్డు పోతుంది. సంచిలో, బస్సులో, బండి మీద రోజూ తిరిగే యంత్రానికి దాని అవసరం లేదు.

ఫ్యాన్, దాని తీగలు, దాన్ని నడిపే చిప్పు

వేడి రేకుల దాకా వస్తోందని తేలిన తరువాతే ఫ్యాన్ వంతు. ముందు దుమ్ము. ఫ్యాన్ రెక్కల మీద కనిపించేది అసలు దుమ్ము కాదు. ఫ్యాన్‌కూ రేకులకూ నడుమ దూది పరుపులాగా ఒక పొర పేరుకుంటుంది, ఫ్యాన్ మూత విప్పితే తప్ప అది కనబడదు. బయటి నుంచి బ్లోయర్ కొడితే ఆ పొర కొంచెం వెనక్కి జరిగి మళ్లీ అక్కడికే వచ్చి కూర్చుంటుంది, "సర్వీసింగ్ చేయించినా వారం రోజులే బాగుంది" అనే ఫిర్యాదు చాలాసార్లు దీని వల్లనే వస్తుంది. బ్లోయర్ కొట్టవలసి వస్తే ఫ్యాన్ రెక్కను కదలకుండా పట్టుకోవాలి. ఈనెల చీపురు నుంచి తీసిన ఒక కొబ్బరి ఈనెను రెక్కల మధ్య దూర్చితే చాలు, అది విద్యుత్తును పారనివ్వదు, రెక్కలను గీరదు. రెక్కలు గాలికి ఇష్టం వచ్చినట్టు తిరిగితే బేరింగు దెబ్బతింటుంది, తిరిగే మోటారు జనరేటరుగా మారి బోర్డులోకి కరెంటు పంపే అవకాశమూ ఉంది.

కోనసీమలో మరీ ఎక్కువగా చూసే పొరపాటు ఒకటి ఉంది. ఫ్యాన్ కీచుమంటోందని ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె ఒక చుక్క వేస్తారు. రెండు రోజులు చప్పుడు ఆగుతుంది. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుందని ధనుర్మాసంలో సీసా చూసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. చలి ఉదయాన బేరింగులో పేరుకున్న ఆ నూనె ఫ్యాన్‌ను తిరగనివ్వదు, వేసవి వచ్చేసరికి దుమ్ముతో కలిసి జిగురుగా మారుతుంది. వేస్తే పలుచని మెషీన్ ఆయిల్ వేయాలి, అది కూడా కొత్త ఫ్యాన్ వచ్చే వరకు గడుపుకోవడానికే.

కొత్త ఫ్యాన్ వేసిన తరువాత వచ్చే కష్టాలు వేరు. చాలా ఫ్యాన్లకు నాలుగు తీగలు ఉంటాయి: రెండు కరెంటుకు, ఒకటి ఎంత వేగంగా తిరగాలో ఆజ్ఞ తీసుకోవడానికి, ఒకటి ఎంత వేగంగా తిరుగుతున్నానో తిరిగి చెప్పడానికి. ఈ చివరి తీగ కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోకపోతే ఫ్యాన్ తిరుగుతున్నా బోర్డుకు ఆ కబురు అందదు. అప్పుడు కొన్ని మోడళ్లు ఆన్ చేయగానే ఫ్యాన్ లోపం అని రాసి ఆగిపోతాయి, కొన్ని భయపడి ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతూనే ఉంటాయి. చల్లగా ఉన్నా హోరెత్తే యంత్రంలో నేను మొదట చూసేది ఆ కనెక్టర్‌నే. భూతద్దం పెట్టి చూస్తే లోపలి సన్నని పిన్ను ఒకటి వంగి కనబడటం కొత్త కాదు.

చూడటానికి ఒకేలా ఉన్న ఫ్యాన్లు ఒకటి కావు. ఎక్కువ ల్యాప్‌టాప్ ఫ్యాన్లు 5 వోల్టులవి, కొన్ని గేమింగ్ మోడళ్లలో 12 వోల్టులవి ఉంటాయి. 12 వోల్టుల ఫ్యాన్‌ను 5 వోల్టుల చోట పెడితే నీరసంగా తిరుగుతుంది లేదా అసలు కదలదు. రెండు ఫ్యాన్లు ఉన్న యంత్రాలలో కుడిదీ ఎడమదీ రెక్కల వంపు వేరుగా ఉంటుంది. అందువల్ల మోడల్ పేరు చెప్పి తెప్పించుకోవడం చాలదు, పాత ఫ్యాన్ స్టిక్కర్ మీది పార్టు నంబరు, వోల్టులు రెండూ సరిపోల్చి కొనాలి.

కనెక్టర్ బాగుండి, ఫ్యాన్ సరైనదై, అయినా వేగం అర్థం లేకుండా మారుతుంటే ఫ్యాన్‌ను నడిపే నియంత్రణ చిప్పు పాత స్థితిలోనే చిక్కుకుపోయి ఉండవచ్చు. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ విడదీయగలిగితే విడదీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్లలో అది మొదటికి వస్తుంది. తరువాత తయారీదారు వెబ్‌సైటులో ఆ మోడల్‌కు ఉన్న బయోస్ (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే మూల ప్రోగ్రాము) నవీకరణ చూడాలి. మదర్‌బోర్డు మార్చిన యంత్రాలలో ఇది మరీ ముఖ్యం. గ్రాఫిక్స్ చిప్పు ఉన్న బోర్డుకూ లేని బోర్డుకూ హీట్‌సింక్ వేరు, ఫ్యాన్ వేగాల పట్టిక వేరు. ఒకదాని బోర్డుకు మరొకదాని హీట్‌సింక్ బిగించి పంపిన యంత్రాలను నేను చూశాను.

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, బ్యాటరీ, అడుగు మూత

ఈ భాగాలు చల్లబరిచే ఏర్పాటును నేరుగా తాకవు, అయినా వాటి ప్రభావం దాని మీద పడుతుంది. పాత సాటా రకం డ్రైవు తీసి, దానికంటే చాలా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ వేస్తే పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు అది బాగా వేడెక్కుతుంది, 70 నుంచి 80 డిగ్రీల ప్రాంతంలో తన వేగం తాను తగ్గించుకుంటుంది. పాత డ్రైవు మీద ఉన్న ప్యాడ్‌ను, రేకును కొత్తదానికి మార్చకుండా పారేస్తే ఈ ఇబ్బంది త్వరగా వస్తుంది. డెస్క్‌టాప్‌కు అమ్మే మందపాటి హీట్‌సింక్ ఉన్న ఎస్‌ఎస్‌డీని ల్యాప్‌టాప్‌లో ఇరికిస్తే అడుగు మూత ఉబ్బి గాలి దారి చెడిపోతుంది.

రెండో ర్యామ్ వేస్తే యంత్రం వేడెక్కుతోందని చెప్పేవారిని నేను మొదట్లో నమ్మలేదు. కానీ విడి గ్రాఫిక్స్ చిప్పు లేని యంత్రాలలో రెండు ర్యామ్‌లు జంటగా పనిచేయడం మొదలుపెడితే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగానికి రెట్టింపు వేగంతో సమాచారం అందుతుంది, ఆటలు వేగంగా నడుస్తాయి, ఆ మేరకు కరెంటూ వేడీ పెరుగుతాయి. అది లోపం కాదు.

కొత్త ఎస్‌ఎస్‌డీతో పాటు విండోస్ కూడా కొత్తగా వేస్తారు కదా, మొదటి రోజంతా అది నవీకరణలు దించుకోవడం, ఫైళ్ల పట్టిక కట్టడం, వైరస్ తనిఖీ చేయడం వెనుక ఊరకే సాగిపోతుంటాయి. ఫ్యాన్ హోరుకు భయపడి ఆ రోజే దుకాణానికి పరుగెత్తకుండా, టాస్క్ మేనేజర్ తెరిచి ఏది ప్రాసెసర్‌ను వాడుతోందో చూసి, రెండు రోజులు ఆగాలి. చిప్‌సెట్ డ్రైవర్లు, కరెంటు, వేడి నియంత్రణకు తయారీదారు ఇచ్చిన డ్రైవర్లు వేయకపోతే మాత్రం ఆ హోరు తగ్గదు.

బ్యాటరీ మార్చిన తరువాత యంత్రం నత్తలా నడుస్తోందని వచ్చేవారిలో కొందరు అది వేడి వల్లనే అనుకుంటారు. ఉష్ణోగ్రత 50 దగ్గరే ఉండి వేగం మాత్రం పాతాళానికి పడిపోతే అది వేడి కాదు. కొత్త బ్యాటరీనో ఛార్జర్‌నో యంత్రం గుర్తుపట్టక, ప్రాసెసర్‌ను కావాలని నెమ్మది చేస్తోంది. 65 వాట్ల ఛార్జర్ బదులు 45 వాట్లది పెట్టినా ఇదే జరగవచ్చు. పాత బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని గుచ్చకుండా, నొక్కకుండా వెంటనే తీసి వేరుచేయాలి.

అడుగు మూతను ఎవరూ భాగంగా లెక్కించరు, నా అనుభవంలో అది చాలా పెద్ద భాగం. గాలి లోపలికి వచ్చేది దాని రంధ్రాల గుండానే. దాని రబ్బరు బుష్‌లు ఊడిపోయి మళ్లీ అతికించకపోతే యంత్రం బల్లకు అతుక్కుపోయి రంధ్రాలు మూసుకుపోతాయి. వెనుక వైపు ఒక నోటు పుస్తకం పెట్టి ఎత్తితే ఉష్ణోగ్రత గబగబా దిగితే కారణం అదే. ఫ్యాన్ చుట్టూ ఉండే నల్లని స్పాంజి పట్టీని "పాతబడింది" అని పీకేసేవారు ఉన్నారు. ఆ పట్టీ లేకపోతే రేకుల నుంచి వచ్చిన వేడి గాలే లోపల తిరిగి ఫ్యాన్ నోటికి చేరుతుంది. మూత తీసి నడిపితే చల్లబడుతుందని అనుకోవడం కూడా అన్నిటికీ చెల్లదు. కొన్ని మోడళ్లలో మూతే గాలికి గొట్టంలా పనిచేస్తుంది, అది తీస్తే వేడి పెరుగుతుంది.

మన ఎండ, మన ఉక్క

మే నెలలో రాజమహేంద్రవరంలో 40 డిగ్రీలు దాటిన రోజు, ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ పీల్చుకునే గాలే 36, 38 డిగ్రీలు ఉంటుంది. గది గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి ఉష్ణోగ్రత ఇంచుమించు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 80 చూపించిన యంత్రం మన గదిలో 92 చూపిస్తే దాని తప్పు లేదు. జనవరిలో భాగాలు మార్చి బాగుందనుకున్నది ఏప్రిల్‌లో ఆగిపోవడం వెనుక తరచుగా ఈ లెక్కే ఉంటుంది.

ఉక్కపోత మాత్రం మనిషికి చేసినంత అపకారం ల్యాప్‌టాప్‌కు నేరుగా చేయదు. మనకు చెమట ఆరితేనే చల్లదనం, గాలిలో తేమ ఎక్కువైతే అది ఆరదు. రేకులకు చెమట లేదు. తేమ చేసే చెరుపు వేరే రకం: ఊక బూడిద, పొయ్యి పొగ, నారు మళ్ల దుమ్ము దానితో కలిసి రేకుల మీద పొడిగా కాక అట్టలా కడుతుంది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు నుంచి వచ్చే యంత్రాలలో ఉప్పు గాలికి కనెక్టర్ పిన్నులు పచ్చబడి ఉంటాయి, అక్కడ ఫ్యాన్ మార్చే ముందు పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడటం మంచిది. ఏసీ గదిలో బాగా చల్లబడిన ల్యాప్‌టాప్‌ను బయటి ఉక్కలోకి తెచ్చిన వెంటనే విప్పకూడదు. కళ్లద్దాల మీద పట్టినట్టే లోపలి రాగి మీదా నీటి పొర పడుతుంది. వేసవిలో ఫ్యాన్ కింద కూర్చుని విప్పేవారు నుదుటి చెమట బోర్డు మీద పడకుండా తలకు ఒక గుడ్డ కట్టుకోవడం నేను నేర్చుకున్న అలవాటు, ఆ ఉప్పు నీటి బొట్టు పడిన బోర్డులను బాగుచేయవలసి వచ్చాక.

వేసవి నెలల వరకు గడుపుకోవాలంటే విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే చాలా యంత్రాలలో అదనపు వేగం ఆగి, పది డిగ్రీలకు పైగా తగ్గడం చూశాను. కొన్ని కొత్త మోడళ్లలో ఆ అమరిక కనబడదు. కింద పెట్టే కూలింగ్ ప్యాడ్ వల్ల కొద్ది డిగ్రీలు తగ్గవచ్చు, పొత్తు చెడిన పేస్ట్‌ను మాత్రం అది బాగుచేయలేదు.

ఆ అబ్బాయి ల్యాప్‌టాప్‌కు అన్ని ప్యాడ్లూ పాత మందాలలో వేసి, పేస్ట్ తుడిచి కొత్తగా పట్టించి, స్క్రూలు వాటి అంకెల క్రమంలో బిగించాను. స్పాంజి పట్టీ లేదని గమనించి అది కూడా అతికించాను. ఆ మధ్యాహ్నం గది 36 డిగ్రీలు. అదే పని పెడితే 28 వాట్లు లాగుతూ 84 దగ్గర నిలబడింది, ఈసారి గాలి బయటికి వచ్చే చోట చేయి పెట్టి ఎక్కువసేపు ఉంచలేకపోయాను. మూత బిగించే ముందు ఒక చిన్న కాగితం మీద తేదీ, ప్యాడ్ల మందాలు, గది ఉష్ణోగ్రత, ఈ రెండు అంకెలు రాసి, రంధ్రాలకు దూరంగా మూత లోపలి వైపు అతికించాను. ఈసారి దాన్ని ఎవరు విప్పినా, ఎక్కడ విప్పినా, ముందు వాళ్లకు కనబడేది ఆ కాగితమే.